ప్రార్థిస్తున్నా ఆనందం రావడం లేదా? ఒక నోటుబుక్కుతో 40 రోజులు ఇలా చేయండి

"అక్కా, రోజూ ప్రార్థన చేస్తున్నా, ఆదివారం మానకుండా మందిరానికి వస్తున్నా. అయినా లోపల పొడిగానే ఉంటోంది. ఏం చెయ్యమంటావ్?"

ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కునే చోట నన్ను ఈ మాట అడిగినవాళ్లు చాలామంది. పరీక్ష తప్పిన పిల్లలు, రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, భర్త పోయిన ఆడవాళ్లు, కువైట్‌లో ఇంటిపని చేస్తూ ఫోన్లో ఏడ్చే చెల్లెళ్లు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మనం కృతజ్ఞత చెప్పడం మానలేదు. గుండుగుత్తగా చెబుతున్నాం, ఇబ్బంది అక్కడే ఉంది. "సమస్తానికీ స్తోత్రం ప్రభువా" అని ఒక్క ఊపులో అనేసి లేస్తాం. ఆ సమస్తంలో ఏమేం ఉన్నాయో మనకే గుర్తుండదు. 103వ కీర్తనలో దావీదు తన ప్రాణానికి చెప్పుకున్నది చూడండి: "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము." దేనినీ మరవకూడదంటే ఒక్కొక్కటిగా లెక్క పెట్టుకోవాలి. మనం చేయబోయేది ఆ లెక్కే.

కావలసినవి

- 100 పేజీల గీతల నోటుబుక్కు. రోజుకి రెండు పేజీలు చొప్పున 40 రోజులకి 80 పోతాయి, మిగిలిన 20 ఆదివారాలకి.
- పెన్ను, మీరు రోజూ చదువుకునే బైబిలు.
- మూత ఉన్న డబ్బా ఒకటి. ఎందుకో 7వ మెట్టులో చెబుతాను.
- రోజుకి 10 నిమిషాలు, ఆదివారం అరగంట.
- మీ మాట బయటపెట్టని మనిషి ఒకరు. అక్కో, స్నేహితురాలో, అమ్మగారో.

ఫోనులో రాసుకోవచ్చా అంటే, రాసుకోవచ్చు. కాకపోతే ఫోను చేతిలోకి తీసుకున్న రెండో నిమిషంలో వాట్సాప్‌లో ఉంటాం. ఒకే గదిలో ఆరుగురు ఉండే హాస్టల్లోనో, పరాయి దేశంలో యజమాని ఇంట్లోనో పుస్తకం దాచుకునే చోటు లేనివాళ్లు మాత్రం ఫోనులో గొంతు రికార్డు చేసుకోండి. చదువు రాని పెద్దవాళ్లకి చింతగింజలు చాలు. ఒక్కో మేలు పైకి చెప్పి ఒక్కో గింజ సీసాలో వేయమనండి.

1. వేళ పెట్టుకోండి

ఎక్కువమందికి రాత్రి పడుకోబోయే ముందు కుదురుతుంది. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ఇంటికొచ్చి స్నానం చేశాక రాయండి. వేళ ఏదైనా పరవాలేదు, రోజుకో వేళ మాత్రం వద్దు.

2. ముందు ఎడమ పేజీ: బరువు రాయండి

పుస్తకం తెరిస్తే రెండు పేజీలు కనిపిస్తాయి. ఎడమది ఏడుపుకి, కుడిది మేలుకి. ఎడమ పేజీతోనే మొదలుపెట్టండి.

ఇది చెబితే చాలామంది ఉలిక్కిపడతారు. "స్తుతితో కదా మొదలుపెట్టాలి, సణుగుడు పాపం కదా" అంటారు. దావీదు రాసిన 13వ కీర్తన తీయండి. మొత్తం 6 వచనాలే. మొదటి మాటే "ఎన్నాళ్లవరకు". నన్ను ఎన్నాళ్లు మరచిపోతావు, ఎన్నాళ్లు ముఖం దాచుకుంటావు అని దేవుణ్ణి నిలదీశాక, చివరి వచనంలో ఆయన చేసిన మహోపకారాలను బట్టి పాడతానంటాడు. ఆ చివరి వచనానికి మొదటి నాలుగూ దాటకుండా రాలేదాయన. అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగింది దేవుని మీద, తమలో తాము. దావీదు అదే బాధ తెచ్చి దేవుని ముందే పోశాడు. ఎడమ పేజీలో మీరు రాసేది ఆయనకే, కాబట్టి "ప్రభువా" అని పిలిచి మొదలుపెట్టండి.

ఐదారు వాక్యాలు చాలు. అప్పు ఎంతో అంకెతో సహా రాయండి. ఎవరి మాట గుచ్చుకుందో రాయండి. పేరు రాయడానికి భయమైతే మొదటి అక్షరం పెట్టండి. అందంగా రాయొద్దు, బైబిలు భాషలో అసలే వద్దు.

మా నాన్న పోయిన ఏడాది అమ్మ ఇలాగే రాసేది, కిరాణా లెక్కల పుస్తకంలో. ఒకరోజు ఎడమ పేజీ అంచుల దాకా నిండిపోయి ఉంది. కుడి పేజీలో ఒకే ఒక్క వాక్యం: "రాత్రి పక్కింటి వదిన తన చాప తెచ్చుకుని నా పక్కన పడుకుంది." ఆ పేజీ చూశాకే నాకు ఈ పని అర్థమైంది.

జాగ్రత్త: ఎడమ పేజీలో ఆగిపోకండి. ఏడుపు పొంగుకొచ్చి చెయ్యి ఆడకపోతే ఆ రోజు కుడి పేజీలో తేదీ ఒక్కటైనా వేసి పడుకోండి.

3. కుడి పేజీ: మూడు మేలులు, ఒక్కోటి ఆనవాలుతో

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

ఇలా రాస్తే పని జరగదు: "కుటుంబం కోసం, ఆరోగ్యం కోసం, ఉద్యోగం కోసం స్తోత్రం."

ఇలా రాయండి:

"మంగళవారం. పెద్దోడి జ్వరం తెల్లవారుజామున నాలుగింటికి చెమట పట్టి దిగింది. లేవగానే పెరుగన్నం అడిగాడు."

"దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే కాళ్లు నిలవలేదు. కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. కోఠి దాకా కూర్చుని వచ్చాను."

"జీతం ఐదు రోజులు ఆలస్యం. కొట్టాయన నేను నోరు తెరవకముందే ఖాతాలో రాసుకుని బియ్యం కట్టించాడు."

ఎప్పుడు, ఎవరు, ఏం జరిగింది. ఈ మూడూ ఉండాలి. రాశాక ఒక పరీక్ష పెట్టండి: ఆ వాక్యాన్ని తీసుకెళ్లి వేరేవాళ్ల పుస్తకంలో పెట్టినా సరిపోతుందా? సరిపోతే అది మీది కాదు, మళ్లీ రాయండి.

ఏమీ తట్టకపోతే రోజుని వెనక నుంచి నడవండి. ఇప్పుడు పడుకున్న పక్క, దానికి ముందు తిన్న అన్నం, దానికి ముందు ఇంటికి చేరిన దారి, అలా పొద్దున లేచిన క్షణం దాకా. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగుతారు.

మూడింటిలో ఒకటి మాత్రం మీ పరిస్థితులతో మారనిదై ఉండాలి. ఇది పట్టుబట్టి చెబుతున్నాను. జ్వరం తగ్గినందుకు, సీటు దొరికినందుకు అని మాత్రమే రాస్తే, జ్వరం తగ్గని రోజు పుస్తకం మూతపడుతుంది. సిలువ, క్షమాపణ, పునరుత్థానం, ఆయన మాట తప్పకపోవడం. వీటిని కూడా ఆనవాలుతోనే రాయాలి సుమా. "నా పాపాలు క్షమించావు" అని ఊరికే కాకుండా, "నిన్న అత్తమ్మ మీద గిన్నె విసిరినంత పని చేశాను. పొద్దున నీ దగ్గర ఒప్పుకున్నాను. నువ్వు కొట్టేశావు. సాయంత్రం ఆమెతో మాట్లాడగలిగాను" అని.

4. ఎవరి చేతి మీదుగా వచ్చిందో గీత గీయండి

రాసిన మేలులో మనిషి ఉంటే ఆ మనిషి కింద గీత గీయండి. కొట్టాయన, కాలేజీ పిల్ల, పక్కింటి వదిన. దేవుడిచ్చాడని చెబుతూ, తెచ్చిచ్చిన చేతిని మరచిపోతుంటాం. ఈ గీతలు 6వ మెట్టుకి పనికొస్తాయి.

5. పైకి చదవండి, ఒక వాక్యం పట్టుకోండి

మనసులో అనుకుంటే చాలదు, గొంతు బయటికి రావాలి. పక్కవాళ్లు నిద్రపోతుంటే పెదాలు కదిలినా చాలు. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26 సార్లూ "ఆయన కృప నిరంతరముండును" అని వస్తుంది. సృష్టి, ఐగుప్తు, ఎర్రసముద్రం, అరణ్యం, ఆఖరికి రోజూ తినే ఆహారం, ఒక్కోదాని పక్కనా అదే పల్లవి. మీ మూడు మేలుల పక్కనా దాన్నే చేర్చండి. "పెద్దోడి జ్వరం దిగింది, ఆయన కృప నిరంతరముండును. కోఠి దాకా కూర్చుని వచ్చాను, ఆయన కృప నిరంతరముండును." మొదటి రోజు నోటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వారం తిరిగేసరికి పిల్లలే మీ వెనక అందుకుంటారు.

వారానికి ఒక వాక్యం కంఠతా పట్టండి. నేనిచ్చే వరస ఇదీ: మొదటి వారం కీర్తన 103:2, రెండో వారం 1 థెస్సలొనీకయులకు 5:16-18, మూడో వారం నెహెమ్యా 8:10, నాలుగో వారం ఫిలిప్పీయులకు 4:6, ఐదో వారం నుంచి హబక్కూకు 3:17-18.

రెండు వాక్యాల గురించి రెండు మాటలు. ఫిలిప్పీ పత్రిక పౌలు బంధకాల్లో ఉండి రాసింది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే 4:13ని పరీక్షల ముందు హాల్‌టికెట్ మీద రాసుకుంటాం. దానికి రెండు వచనాల ముందు ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండడం "నేర్చుకొని యున్నాను" అంటాడాయన. ఆకలిగా ఉండడమూ నేర్చుకున్నాడట. పౌలంతటివాడికే నేర్చుకోవలసి వచ్చిన పని మనకి పది రోజుల్లో రాలేదని దిగులు పడక్కర్లేదు.

హబక్కూకు మాట "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అన్నది. మన మెదక్ చర్చి అలాంటి కరువు కాలంలోనే లేచింది. పని దొరకని జనానికి పని చూపించి, కూలీకి వచ్చినవాళ్ల కడుపు నింపుతూ మిషనరీ పాస్నెట్ దొర కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ గోడల మధ్య నిలబడే అవకాశం వస్తే ఈ వాక్యం అక్కడ ఒకసారి పైకి చదవండి.

6. వారానికి ఒకరికి నోరు తెరిచి చెప్పండి

లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు, తిరిగొచ్చింది ఒక్కడు, అదీ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అని యేసు అడిగాడు. వారమంతా గీతలు గీసుకున్న పేర్లలోంచి ఒకరిని తీసుకుని ఫోను చేయండి, లేదా గుమ్మం దాకా వెళ్లండి. ప్రసంగం వద్దు. "బాబాయ్, ఆ రోజు అడక్కుండానే బియ్యం ఇచ్చారు. పిల్లలు ఆకలితో పడుకోలేదు. ఆ మాట చెబుదామని వచ్చాను." అంతే. ఆయన క్రైస్తవుడు కాకపోతే అక్కడ కరపత్రం తీయకండి. ఆ రోజు మీరు వచ్చిన పని కృతజ్ఞత చెప్పడం ఒక్కటే.

7. డబ్బాలో పిడికెడు

మన పల్లె సంఘాల్లో ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచాక అందులోంచి పిడికెడు తీసి పక్కన పోసి, ఆదివారం మందిరానికి తెచ్చేవాళ్లు. ఇప్పటికీ కొన్ని చోట్ల తెస్తారు. కోత పండుగకి గుమ్మడికాయో, కోడిపుంజో తెచ్చినట్టే ఇదీ, కాకపోతే ఏడాదికోసారి కాకుండా ప్రతి పూటా. అన్నం వండేటప్పుడల్లా డబ్బాలో ఒక పిడికెడు వేయండి. హాస్టల్లో ఉంటే ఒక నాణెం. వారం చివర అది సంఘానికైనా ఇవ్వండి, ఆ వారం పొయ్యి వెలగని ఇంటికైనా ఇవ్వండి. అప్పుల్లో ఉన్నవాళ్లు దీనికోసం ఇంకో అప్పు చేయొద్దు. ఒక గంట ఎవరి పిల్లల్నైనా చూసిపెట్టినా అది పిడికెడే.

8. ఆదివారం అరగంట: వెనక్కి చదవండి

వారంలోని ఎడమ పేజీలు, కుడి పేజీలు వరసగా చదవండి. ఎడమ పేజీలో ఏడ్చినదానికి తరవాతి రోజుల్లో ఎక్కడైనా జవాబు కనిపిస్తే ఆ రెండింటి మధ్యా గీత కలపండి. చివర ఒక్క వాక్యం రాయండి, "ఇంతవరకు" అనే మాటతో మొదలుపెట్టి. సమూయేలు రాయి నిలబెట్టి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నాడు కదా, అలాగ. కువైట్‌లో ఆరాధన శుక్రవారం కాబట్టి అక్కడివాళ్లకి ఈ అరగంట శుక్రవారం.

ఎక్కువగా జరిగే తప్పులు

*పక్కవాళ్లతో పోల్చి కృతజ్ఞత చెప్పడం.* "వాళ్లకంటే మనం నయం, దేవునికి స్తోత్రం." లూకా 18లో పరిసయ్యుడు చేసింది కూడా కృతజ్ఞతా ప్రార్థనే. ఇతరులలాగా నేను లేనందుకు నీకు స్తుతులు అన్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది మాత్రం రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. మీ వాక్యంలో "కంటే" అనే మాట ఉంటే కొట్టేయండి.

*చెడుని మంచి అనడం.* "తాగొచ్చి కొడుతున్నాడు, అయినా ప్రతి విషయంలో స్తోత్రం చెప్పమన్నారు కదా" అని ఒకావిడ నాతో అంది. థెస్సలొనీక పత్రికలో ఉన్నది "ప్రతి విషయమునందును". ఆ పరిస్థితిలో ఉండగా కూడా అని. ఎఫెసీ 5:20లో "సమస్తమునుగూర్చి" అని ఉంది కదా అని ఎవరైనా అడిగితే, యెషయా 5:20 కూడా చదవమనండి. కీడుని మేలని చెప్పేవాళ్లకి అక్కడ శ్రమ అని ఉంది. దెబ్బల కోసం స్తోత్రం చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లోంచి బయటపడడానికి సాయం కోసం అడగండి, సాయపడిన చేతి కోసం స్తోత్రం చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రాణభయం ఉంటే 112. భరించు, ప్రార్థన చెయ్యి అని మాత్రమే చెప్పేవాళ్ల దగ్గర ఆగిపోకండి.

*ఏడుస్తున్నవాళ్లకి ఈ పుస్తకం ఇవ్వడం.* బిడ్డని మట్టిలో పెట్టి వచ్చిన తల్లితో "స్తోత్రం చెప్పమ్మా" అనకండి. యేసు చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ముందు కన్నీళ్లు విడిచాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంత సేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడగొట్టారు. ఆ తల్లి పక్కన కూర్చోండి, చాప తీసుకెళ్లండి. పుస్తకం సంగతి ఆమె అడిగినప్పుడు చూద్దాం.

*బేరం.* "ఉద్యోగం వస్తే సాక్ష్యం చెబుతాను" అని రాయకండి. జరిగినది మాత్రమే కుడి పేజీలోకి వస్తుంది. కావలసినది ఎడమ పేజీలోనే ఉంటుంది.

*స్టేటస్ పెట్టడం.* 40 రోజులు అయ్యేదాకా ఏదీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. చూసేవాళ్లు ఉన్నారని తెలియగానే చెయ్యి వాళ్లకోసం రాయడం మొదలుపెడుతుంది.

*తప్పిన రోజులు కూడబెట్టి రాయడం.* మూడు రోజులు మానేసి నాలుగో రోజు పన్నెండు మేలులు రాస్తారు. అరణ్యంలో దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారం మన్నాని మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. తప్పిన రోజుల పేజీలు ఖాళీగా వదిలేసి ఈ రోజుది రాయండి.

పని చేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి

మొదటి పది రోజులు యాంత్రికంగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. "ఈ రోజు ఆనందంగా ఉన్నానా" అని రోజూ నాడి పట్టుకుని చూడొద్దు. 20వ రోజున, 40వ రోజున ఈ నాలుగే చూడండి.

మొదటిది, గీత గీసిన పేర్లు లెక్కపెట్టండి. మొదటి వారం కంటే పెరిగాయా? కుడి పేజీ నిండా వస్తువులే ఉండి మనుషులు లేకపోతే 4వ మెట్టు మళ్లీ చదవండి.

రెండోది, ఎడమ పేజీ. అది కురచ కానక్కర్లేదు, కొందరికి ఇంకా పెరుగుతుంది కూడా. కానీ "నా బతుకింతే" అనే మాటల స్థానంలో "ప్రభువా, ఎన్నాళ్లు?" లాంటి మాటలు వస్తున్నాయా చూడండి. తనలో తాను మూలిగే మనిషి ఆయనతో మాట్లాడడం మొదలుపెడితే, బలం రావడం మొదలైందని నేను లెక్కేసుకుంటాను.

మూడోది, కరెంటు పోయినప్పుడు, పాలు పొంగి పోయినప్పుడు మీ నోట మొదట ఏ మాట వస్తోంది? ఇది మీకు తెలియదు, ఇంట్లోవాళ్లని అడగండి. పిల్లలైతే ఉన్నదున్నట్టు చెబుతారు.

నాలుగోది, మీరు ఎంచుకున్న ఆ నమ్మకమైన మనిషికి ఒక ఎడమ పేజీ, ఒక కుడి పేజీ చదివి వినిపించండి. ఏ మాట దగ్గర మీ గొంతు తడబడిందో వాళ్లు చెబుతారు. మీ నిజమైన ప్రార్థన అక్కడుంది.

ఒకటి మాత్రం మరీ మరీ చెబుతున్నాను. రెండు వారాలు దాటి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోవాలనిపించినా అది విశ్వాసం తక్కువై కాదు, మీ నోటుబుక్కు తప్పూ కాదు. ఏలీయా బదరీ చెట్టు కింద ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని పడుకుంటే, దూత ముందు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి రెండుసార్లు లేపి తినిపించాడు. డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇచ్చిన మందులు ఎవరు చెప్పినా మధ్యలో ఆపకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మందు పనిచేసిన రోజు దాన్నీ కుడి పేజీలో రాయండి.

పుస్తకం నిండాక

ఎడమ పేజీలు చింపి పారేయాలనిపిస్తుంది. ఎవరైనా చదువుతారేమోనన్న భయం ఒకటి, ఆ రోజులు మళ్లీ చూడలేమన్న బాధ ఒకటి. చింపకండి. 88వ కీర్తన మొదలు నుంచి చివరి దాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటి గురించే. అయినా దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వెళ్లేముందు తీసి చదవండి. సాక్ష్యం చెప్పమని పిలిస్తే ఏం చెప్పాలో అందులోనే ఉంటుంది, తేదీతో సహా. కొత్త పుస్తకం కొన్న రోజు దాని మొదటి కుడి పేజీలో, పాత దానిలోంచి ఒక్క వాక్యం ఎత్తి రాసి మొదలుపెట్టండి.